తెరుచుకోని లంకెలు: కారణాలు, సవరణలు

స్కాలర్‌షిప్ దరఖాస్తు, పరీక్ష రుసుము, హాల్ టిక్కెట్టు, ఫలితాలు – విద్యార్థికి సంబంధించిన వ్యవహారం నేడు అధికభాగం అంతర్జాలం ద్వారానే నడుస్తున్నది. గడువు చివరి దినమున లంకె నొక్కితే పుట తెరుచుకోకపోయినచో పేద విద్యార్థికి కలిగే నష్టం ఒక సంవత్సరపు సహాయం. అట్టి సమయంలో పలువురు అదే లంకెను పదే పదే నొక్కుతూ కూర్చుంటారు. లోపం ఎక్కడున్నదో ముందు తెలుసుకొనవలె.

లంకె ఒక చిరునామా. దానిలో మొదట హెచ్.టి.టి.పి.ఎస్. అను సంకేతం, పిమ్మట సంస్థ పేరు, ఆపైన ఏటవాలు గీతల నడుమ పుటకు పోవు త్రోవ ఉంటాయి. సంస్థ పేరు ఊరివంటిది. త్రోవ వీధి, ఇంటి నంబరు వంటివి. తెరపై 404 అను సంఖ్య కనిపించినదంటే ఊరు చేరితిమి గాని ఇల్లు కనబడలేదని అర్థం. సర్వరు జవాబిచ్చినది కనుక మన ఇంటర్నెట్టులో లోపం లేదు. సంస్థ పేరే దొరకలేదన్న సందేశం వస్తే పేరులో అక్షరదోషమైనా ఉండాలి, మన కనెక్షనైనా తెగి ఉండాలి. 403 అంటే ప్రవేశానికి అనుమతి లేదని. 500, 503 వంటివి సర్వరు లోపాలు. కొంతసేపు ఆగి మరల ప్రయత్నించడమే మార్గం.

404 వచ్చినప్పుడు చిరునామాను కుడివైపు నుండి ఒక్కొక్క ఏటవాలు గీత వరకు చెరిపివేస్తూ పోవలె. ఎక్కడో ఒకచోట పుట తెరుచుకుంటుంది. అక్కడి నుండి కావలసినది వెదకుకొనవచ్చును.

మన భాషల వారికి మరొక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. తెలుగులో విభక్తి ప్రత్యయం పదాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. చిరునామా వ్రాసి, ఖాళీ విడువక 'లో' అనో 'కు' అనో చేర్చితే కొన్ని సందేశ సాధనాలు ఆ ప్రత్యయాన్ని సైతం చిరునామాలో కలుపుకొంటాయి. (వ్యాకరణం కంప్యూటరు గదిలోకి ప్రవేశించినందుకు తెలుగు అధ్యాపకులు సంతోషింతురు కాబోలు!) ఉర్దూ వాక్యాంతంలోని విరామ చిహ్నం కూడా ఇట్లే చిక్కు తేగలదు. ఉర్దూ కుడి నుండి ఎడమకు, చిరునామా ఎడమ నుండి కుడికి నడుస్తాయి గనుక రెండూ కలిసిన పంక్తిలో ముక్కలు తారుమారుగా కనిపించవచ్చు. చిరునామాను విడి పంక్తిలో వ్రాస్తే ఈ బాధలన్నీ తప్పుతాయి.

చిరునామాలోనే మన లిపి ఉన్నప్పుడు యంత్రం దానిని శాతం గుర్తులతో కూడిన సంకేతాలుగా మార్చుకొంటుంది. 'తెలుగు' అను చిన్న మాట 54 గుర్తులవుతుంది. ఉర్దూ లిపిలో 'ఉర్దూ' అను మాట 24. ఇంత పొడవైన చిరునామా ఈమెయిలులో రెండు పంక్తులుగా విరిగిపోతే మొదటి ముక్క మాత్రమే లంకెగా మిగులుతుంది. రెండు ముక్కలను ఖాళీ లేకుండా కలిపి అతికించుకొనవలె.

పాత కంప్యూటర్లలో లోపలి చిన్న బ్యాటరీ క్షీణిస్తే తేదీ ఏళ్ల వెనుకకు పోతుంది. భద్రతా ధ్రువపత్రం గడువును తేదీతో సరిచూచే బ్రౌజరు అప్పుడు మంచి పుటలను కూడా అనుమానిస్తుంది. తేదీ సవరిస్తే చాలును. తేదీ సరిగానే ఉండి హెచ్చరిక వస్తే మాత్రం ఆ పుటలో బ్యాంకు వివరాలు వ్రాయరాదు.

ఇక పుటయే తొలగిపోయిన సందర్భం. 2013లో ఉన్న వెబ్ పుటలలో నూటికి 38 పుటలు పది సంవత్సరాల తరువాత అందుబాటులో లేవని అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రకటించినది. వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ చిరునామాలను మార్చరాదని 1998లోనే వ్రాసినాడు, వినినవారు తక్కువ. 1996లో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి 'వేబ్యాక్ మెషిన్' 2001 నుండి పాత పుటల ప్రతులను ఉచితంగా చూపుతున్నది. ప్రాజెక్టు వ్యాసంలో లంకెను ఉదహరించు విద్యార్థి అందులో ఆ పుటను భద్రపరచి, చూచిన తేదీని కూడా వ్రాయుట మంచిది. అయితే ఆ ప్రతి చదువుకొనుటకే. అందులో స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపి పంపుటకు వీలుండదు.