తేనెపెట్టెకూ టెక్నీషియన్ కావాలి

జోగిపేట నుంచి పొద్దున షిఫ్టుకు పటాన్‌చెరు, పాశమైలారం వెళ్లేవాళ్లలో ఐటీఐ, డిప్లొమా, బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లలు చాలామందే ఉంటారు. ఒకరు ప్యానెల్ బోర్డులు చూస్తారు, ఒకరు తూకం యంత్రాలకు కాలిబ్రేషన్ చేస్తారు, ఇంకొకరు మందుల కంపెనీ ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ నడుపుతారు. తేనెటీగల పెంపకంలో కొత్తగా పుడుతున్న పనులకు కావలసింది వీళ్లేనంటే నమ్మబుద్ధి కాదు. అయితే ముందే ఒక మాట. ‘తేనెటీగల టెక్నీషియన్ కావలెను’ అనే ప్రకటన కోసం పేపర్లు తిరగేయకండి. ఆ పేరుతో ఉద్యోగం లేదు, పని మాత్రం ఉంది.

ఫ్రేములు పైకి తీసి చూసే పెట్టెకు అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ 1852లో పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ్టికీ అదే పెట్టె. లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే పొగ పెట్టి మూత తీయాల్సిందే. తీసిన ప్రతిసారీ ఈగలు చెదురుతాయి, లోపలి వేడి అదుపు తప్పుతుంది. సెన్సర్లు వచ్చాక మారిందల్లా ఇదే: ఏ పెట్టె మూత తీయాలో, ఏది తీయనక్కర్లేదో ఫోన్‌లో ముందే తెలుస్తుంది.

పెట్టె కింద బరువు కొలిచే లోడ్ సెల్ పెట్టి, దానికి హెచ్‌ఎక్స్711 చిప్, ఈఎస్‌పీ32 బోర్డు తగిలిస్తే చాలు. డిప్లొమా మూడో ఏడు ప్రాజెక్టుల్లో వాడే సామానే. ఇక ఫోన్‌లో కనిపించే బరువు గ్రాఫ్ చదవడం ఒక విద్య. పొద్దున ఈగలు మేతకు పోగానే బరువు కాస్త తగ్గుతుంది, సాయంత్రానికి మకరందంతో పెరుగుతుంది. రాత్రంతా రెక్కలాడించి మకరందంలోని నీటిని ఆవిరి చేస్తాయి కాబట్టి తెల్లవారేసరికి మళ్లీ కొంత దిగుతుంది. నడిమధ్యాహ్నం ఒక్కసారిగా కిలో, రెండు కిలోలు పడిపోయిందా, పాత రాణి సగం గుంపును వెంటేసుకుని వెళ్లిపోయినట్టే. ఈగల పిల్లలు పెరిగే చోట ఉష్ణోగ్రత సెన్సర్ చూపే వేడి 34–35 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. బయట ఎండతోపాటు లోపలి గీత కూడా ఊగుతుంటే పిల్లలు లేవన్నమాట, రాణి ఉందో లేదో వెంటనే చూసుకోవాలి.

కాలిబ్రేషన్ తెలిసిన మనిషి అక్కరకొచ్చేది ఇక్కడే. ఏప్రిల్ ఎండకు లోడ్ సెల్ రీడింగ్ దానంతటదే మారిపోతుంది. అది చూసి తేనె వస్తోందని పెంపకందారు సంబరపడతాడు. తేమ సెన్సర్ లోపల పెడితే ఈగలు మైనంతోనో జిగురుతోనో దాన్ని పూడ్చేస్తాయి. వాటికి నచ్చని వస్తువును అవి ఊరికే వదలవు మరి! జాలీ ఎంత సన్నగా ఉండాలి, వైరు ఎటునుంచి తీయాలి, ఏ రీడింగును నమ్మకూడదు అన్న సంగతులు ఆఫీసులో కూర్చుని యాప్ రాసేవాడికి తట్టవు. ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చేసినవాడికి తడతాయి.

ఈ సెన్సర్లు కొనేదెవరు? పది పెట్టెలున్న రైతు కొనడు, కొనాల్సిన అవసరమూ లేదు. రోజూ చేనుకు పోయేవాడికి పెట్టె గడప దగ్గర ఈగల రాకపోకలు చూస్తేనే సగం తెలిసిపోతుంది. ఇజ్రాయెల్‌కు చెందిన బీవైజ్ కంపెనీ రోబో చేత్తో ఫ్రేములు తీయిస్తోంది. వేల ఎకరాల బాదం తోటలున్న కాలిఫోర్నియాకు అది సరిపోవచ్చు గానీ, మనకిప్పుడే కాదు. పూత వెంట ఊళ్లు మారుస్తూ వందల పెట్టెలు తిప్పే పెంపకందారులకు, పరాగసంపర్కం మీద ఆధారపడే విత్తన ఉత్పత్తిదారులకు మాత్రం పెట్టిన ఖర్చు తిరిగొస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అభివృద్ధి చేసిన హైబ్రిడ్ కందినే తీసుకోండి. దాని విత్తన చేనులో ఆడ వరుసకు పుప్పొడి మోసేది ఈగలే. పొద్దుతిరుగుడుకు ఎకరానికి రెండు పెట్టెలు పెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. తేనె అమ్మకం ఒక ఆదాయమైతే, పూత సమయంలో పెట్టెలను అద్దెకివ్వడం ఇంకొకటి. బలమైన పెట్టెలే ఇచ్చామని రుజువు చూపించే బాధ్యత రికార్డులు పెట్టేవాడిది.

మన పత్తి చేలలో మరో చిక్కు ఉంది. రసం పీల్చే పురుగులకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు ఈగలకూ విషమే. ఐరోపా సమాఖ్య 2018లో ఈ రకం మందులు మూడింటిని ఆరుబయట పంటల మీద వాడకుండా నిషేధించింది. ఇక్కడ వాడకం ఆగలేదు, పైగా ఇప్పుడు డ్రోన్లతో నిమిషాల్లో ఎకరం కొట్టేస్తున్నారు. ఈ డ్రోన్లు నడపడానికి పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండినవారు డీజీసీఏ గుర్తించిన సంస్థలో శిక్షణ పొంది రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. చుట్టుపక్కల పెట్టెలు ఎక్కడున్నాయో ఆరా తీసి, ఈగలు గూటికి చేరాక సాయంత్రం పిచికారీ చేసే పైలట్‌ను రైతూ పెంపకందారూ ఇద్దరూ మళ్లీ పిలుస్తారు.

స్థిరమైన జీతం కావాలనుకునేవారు మాత్రం ల్యాబ్ వైపు చూడాలి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెకు జర్మనీలో కల్తీని పట్టే ఎన్‌ఎంఆర్ పరీక్ష చేయిస్తే మూడే నెగ్గాయి. కంపెనీలు ఒప్పుకోలేదు, అది వేరే కథ. అమెరికాకు పంపే తేనెకు ఎన్‌ఎంఆర్ పరీక్షను అదే ఏడాది ఆగస్టు నుంచే మన ప్రభుత్వం తప్పనిసరి చేసింది. తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. చక్కెరల పాళ్లు, యాంటీబయాటిక్ అవశేషాలు, కలిపిన సిరప్, పుప్పొడి రకం అన్నీ చూడాలి. మందుల కంపెనీ క్యూసీలో రెండు మూడేళ్లు పనిచేసిన కెమిస్టుకు ఇందులో కొత్త యంత్రాలు కొన్నే. నేర్చుకోవాల్సింది తేనె గురించే. బీటెక్ ఫుడ్ టెక్నాలజీ, మైక్రోబయాలజీ వాళ్లకూ చోటుంది.

చదువు దారులు సూటిగానే ఉన్నాయి. పది తర్వాత పాలిసెట్ రాసి వ్యవసాయ డిప్లొమాలో చేరవచ్చు. బైపీసీ వాళ్లు ఎప్‌సెట్ ద్వారా బీఎస్సీ అగ్రికల్చర్ చేసి, ఎమ్మెస్సీలో ఎంటమాలజీ తీసుకుంటే పరిశోధన వైపు వెళ్లొచ్చు. స్వల్పకాలిక కోర్సులు కావాలంటే 1962 నుంచి పుణెలో ఖాదీ కమిషన్ ఆధ్వర్యంలో నడుస్తున్న కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. ఖాదీ కమిషన్ హనీ మిషన్ కింద పెట్టెలూ ఇస్తుంది. తేనె శుద్ధి, ప్యాకింగ్ యూనిట్ పెడితే పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షల రూపాయలు.

ఉన్న ఉద్యోగం మానేసి మాత్రం దిగకండి. అనుభవమున్న పెంపకందారు దగ్గర ఆదివారాలు పనిచేయండి. కుట్టించుకుంటే ఒంటికి పడుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లు వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, పెట్టెల జోలికి మళ్లీ పోకుండా ల్యాబ్ దారి పట్టడం మేలు. ఒంటికి పడినవాళ్లు కంది పూతకొచ్చే ముందు గట్టు మీద రెండు పెట్టెలు పెట్టి, ఒకదానికే సెన్సర్ బిగించండి. రెండోదాని మూత తీసి చూసిన సంగతులు నోట్‌బుక్‌లో రాయండి. ఏడాది రీడింగులు, ఆ నోట్‌బుక్ పక్కపక్కన పెట్టి చూపించగలిగితే పెద్ద పెంపకందారుతోనో విత్తన కంపెనీతోనో మాట్లాడటానికి మీ దగ్గర సరుకున్నట్టే. పెట్టెలు పెరిగాక కేంద్రం నడిపే మధుక్రాంతి పోర్టల్‌లో పేరు నమోదు చేయించుకోండి.