అమ్మ చెప్పిన గ్రాఫ్ పాఠం

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే క్షమించండి. టాపిక్ మాత్రం సీఎస్‌ఈ వాళ్లందరం చదివిందే: గ్రాఫులు. కాకపోతే ఈసారి సైకిల్ ఎక్కి చదువుకుందాం.

దసరా సెలవులకి హైదరాబాద్‌లో మా ఇంటికి వెళ్లేసరికి గొడవ నడుస్తోంది. తొమ్మిదో తరగతి చదివే మా చెల్లి స్కూల్‌కి సైకిల్ మీద వెళ్తానంటుంది. అమ్మ వద్దంటుంది. నేను చెల్లి పార్టీ. ఫోన్‌లో మ్యాప్ తీసి అమ్మకి లెక్క చూపించాను. "మొత్తం మూడు కిలోమీటర్లమ్మా. అందులో రెండున్నర కాలనీ రోడ్లే. మెయిన్ రోడ్డు అర కిలోమీటరే."

అమ్మ బెండకాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు. "ఆ అర కిలోమీటర్లోనే కదరా బస్సులు తిరిగేది. మిగతాది ఎంత బాగుంటే ఏం లాభం?"

నాకు కోపం వచ్చింది. హాస్టల్‌కి తిరిగొచ్చాక నోట్స్ తిరగేస్తుంటే అర్థమైంది, అమ్మే కరెక్ట్ అని. నేను వాడింది తప్పు అల్గారిథమ్.

ఊరిని ఒక గ్రాఫ్ అనుకోండి. కూడళ్లు నోడ్లు, వాటిని కలిపే రోడ్లు ఎడ్జులు. డైక్‌స్ట్రా అల్గారిథమ్‌లో ఒక దారి ఖర్చు అంటే దానిలోని ఎడ్జుల వెయిట్ల మొత్తం. దూరానికి, పెట్రోలుకి అది సరిపోతుంది. భయాన్ని అలా కూడలేం. దారిలో అన్నిటికంటే ప్రమాదకరమైన ముక్క ఎంత భయపెడితే మొత్తం దారి అంత భయపెడుతుంది. అంటే చూడాల్సింది మొత్తం కాదు, గరిష్ఠం. ఆ గరిష్ఠం వీలైనంత తక్కువగా ఉన్న దారిని మినిమాక్స్ పాత్ అంటారు. అమ్మ ఈ పేరు ఎప్పుడూ వినలేదు, కానీ వేసిన లెక్క ఇదే.

డైక్‌స్ట్రాది నెదర్లాండ్స్. తమాషా ఏంటంటే సైకిల్ దారుల విషయంలో ఈ రెండో లెక్కని నేర్చుకున్నదీ ఆ దేశమే. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి పోరాడారు. 1970ల మధ్యలో ప్రభుత్వం హేగ్, టిల్బర్గ్ నగరాల్లో ఒక్కో మంచి సైకిల్ మార్గం వేయించి చూసింది. ఆ మార్గాల్లో సైకిళ్లు బాగా పెరిగాయి. కానీ టిల్బర్గ్‌లో లెక్క తీస్తే, అలా వచ్చినవాళ్లలో చాలామంది అప్పటిదాకా పక్క వీధుల్లో తొక్కినవాళ్లే. ఊరు మొత్తం మీద పెద్ద తేడా లేదు.

అందుకే 1980లలో డెల్ఫ్ట్‌లో పద్ధతి మార్చారు. ఒక్క గొప్ప దారి బదులు ఊరంతా వల అల్లారు. ఊరి స్థాయిలో సుమారు 500 మీటర్లకొక దారి, పేటల స్థాయిలో 200 నుంచి 300 మీటర్లకొకటి, ఇళ్ల మధ్య ఇంకా దగ్గరగా. ఉన్న వీధుల్నే వాడుకుని, తెగిన చోట కుట్టారు. ఒక చోట వంతెన, ఒక చోట అండర్‌పాస్, ఇంకోచోట వన్‌వేలో సైకిల్‌కి మాత్రం ఎదురు వెళ్లే అనుమతి. అప్పటికే 40 శాతం ప్రయాణాలు సైకిల్ మీద జరిగే ఆ ఊళ్లో అది 43 శాతానికి చేరింది.

"వాళ్లకి ముందునుంచే అలవాటు, మనకి కుదరదు" అంటారా? అయితే స్పెయిన్‌లో సెవిల్ చూడండి. ఎండలు మనకి తీసిపోవు, వేసవిలో 40 డిగ్రీలు మామూలే. 2006కి ముందు అక్కడ సైకిల్ వాటా దాదాపు సున్నా. ఆ ఏడాది మొదలుపెట్టి, ట్రాఫిక్ నుంచి వేరుచేసిన దారులు సుమారు 80 కిలోమీటర్లు ఒకేసారి, ఒకదానితో ఒకటి కలిసేలా వేశారు. 2010కి అవి 120 కిలోమీటర్లయ్యాయి. చోటు కోసం కార్ల పార్కింగ్ చాలా తీసేశారు. కొన్నేళ్లలోనే సైకిల్ ప్రయాణాలు పదింతలు దాటాయి. అదే ఏడాదికో ముక్క వేసుకుంటూ పోతే ఎవరూ తొక్కేవాళ్లు కాదు, "చూశారా, ఎవరూ రావట్లేదు" అని మిగతాది ఆపేసేవాళ్లు.

మన హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్ వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది, పైన సోలార్ కప్పుతో. నేను తొక్కాను, చాలా బాగుంది. కానీ అక్కడికి వెళ్లింది మామయ్య కారులో! గ్రాఫ్ భాషలో అదొక కనెక్టెడ్ కాంపొనెంట్, మా ఇల్లు ఇంకో కాంపొనెంట్. ఆ 23 కిలోమీటర్లలో మా చెల్లికి స్కూల్ దారిలో పనికొచ్చేది సున్నా.

సంక్రాంతి సెలవుల్లో చెల్లి, నేను కాగితం మీద క్రస్కల్ అల్గారిథమ్ మొదలుపెట్టాం. ప్రతి వీధికీ 1 నుంచి 4 దాకా మార్కులు వేశాం. 1 అంటే చెల్లి ఒక్కతే వెళ్లొచ్చు, 4 అంటే నాకే భయం. ముందు 1లు కలిపాం, తర్వాత 2లు. ఏ అంకె దగ్గర ఇల్లూ స్కూలూ ఒకే ముక్కలోకి వస్తాయో అదే మన మినిమాక్స్.

2లు అన్నీ కలిపాక కూడా రెండు దీవులే మిగిలాయి. ఒకదాంట్లో ఇల్లు, ఒకదాంట్లో స్కూలు. మధ్యలో నాలా. దాని మీద అక్కడ చిన్న వంతెన కూడా లేదు. మ్యాప్‌లో కొలిస్తే వెడల్పు పన్నెండు మీటర్లు. ఆ పన్నెండు మీటర్లు దాటలేక మెయిన్ రోడ్డు మీదికి, అంటే 4లోకి వెళ్లాలి.

కాగితం అమ్మకి చూపించాం. ఈసారి తల ఎత్తి చాలాసేపు చూసింది. "ఇది నాకెందుకురా, కార్పొరేటర్‌కి చూపించండి" అంది. ఒక అర్జీ రాసి, ఆ బొమ్మ జత చేసి ఇచ్చాం. ఇంకా జవాబు రాలేదు. చెల్లి ఆటోలోనే వెళ్తోంది, సైకిల్ మెట్ల కింద ఉంది.

ఈ వ్యాసం చదివాక మీరు కూడా మీ ఇంటికి, ఇంట్లో చిన్నవాళ్ల స్కూల్‌కి ఈ గ్రాఫ్ గీయండి. మార్కులు మాత్రం మీరు వేయకండి, వాళ్లతోనే వేయించండి. తెగిన ఎడ్జ్ ఎక్కడుందో దొరికితే, అడగాల్సింది ఎన్ని కిలోమీటర్లో కాదు, ఏ పన్నెండు మీటర్లో తెలుస్తుంది.