నిమ్మతొక్కలో పెక్టిన్, రొయ్యపెంకులో కైటిన్

జామ్‌ను చిక్కబరిచే పెక్టిన్ ఒక పాలీసాకరైడ్. ఇది నిమ్మ, బత్తాయి తొక్క లోపలి తెల్లని పొరలో పుష్కలంగా ఉంటుంది. రసం తీశాక మిగిలిన తొక్కను ఆమ్లం కలిపిన వేడినీటిలో ఉంచి, వడకట్టిన ద్రవంలో ఆల్కహాల్ పోస్తే పెక్టిన్ అవక్షేపంగా విడిపోతుంది. దీని ప్రధాన నిర్మాణ ప్రమాణం గెలాక్టురోనిక్ ఆమ్లం. ఆహార సంకలిత సంఖ్య ఇ-440.

నిమ్మకు గూడూరు, తెనాలి పేరున్న మార్కెట్లు. కృష్ణా డెల్టాలోని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల్లో మాత్రం చెరువుల సాగుదే పైచేయి. ఇక్కడి వనామి రొయ్యల పెంకుల్లోనూ విలువైన కార్బోహైడ్రేట్ ఉంది, అదే కైటిన్. పెంకుల నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కాల్షియం కార్బొనేట్‌ను, సోడియం హైడ్రాక్సైడ్ ప్రోటీన్లను తొలగిస్తే మిగిలేది ఇదే. గాఢ క్షారంతో ఎసిటైల్ సమూహాలను తీసేస్తే కైటోసాన్ వస్తుంది. గాయాల కట్లకు, నీటిశుద్ధికి పనికొచ్చే ఈ కైటోసాన్‌నిచ్చే పెంకులను చెత్తగా పారబోయడం డెల్టాకు నిజంగా నష్టం.

పరీక్షలో జతపరచమని అడగదగిన అంశం: ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త హెన్రీ బ్రాకొనో కైటిన్‌ను 1811లో పుట్టగొడుగుల్లో గుర్తించారు, పెక్టిన్‌ను 1825లో వేరుచేశారు. రొయ్య వ్యర్థాల వినియోగంపై పనిచేసే కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ప్రధాన కేంద్రం కొచ్చి.