అయిదు గెలుపులు, అయిదు ఓటములు: వరుసను ఎలా చదవాలి?



ఈ నెల పాఠం ప్రాబబిలిటీ, అంటే సంభావ్యత. ఏడో తరగతి పైబడిన పిల్లలతో కలిసి చదవండి. ఉదాహరణ మన సన్‌రైజర్స్ హైదరాబాద్.

జరిగింది ఏమిటి?

2021 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ 14 మ్యాచ్‌ల్లో మూడే గెలిచి అట్టడుగున నిలిచింది. 2022లో లీగ్ మ్యాచ్‌లన్నీ ముంబయి, పుణె మైదానాల్లోనే జరిగాయి. ఉప్పల్‌లో ఒక్కటీ లేదు. శంషాబాద్‌లోని అభిమానులు కూడా అందరిలాగే టీవీ ముందే కూర్చున్నారు. మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిపోవడంతో చాలామంది ఆశ వదులుకున్నారు.

ఆ తర్వాత ఏప్రిల్ 9 నుంచి 23 వరకు చెన్నై, గుజరాత్, కోల్‌కతా, పంజాబ్, బెంగళూరు జట్లపై వరుసగా అయిదు విజయాలు. బెంగళూరునైతే 68 పరుగులకే కుప్పకూల్చి, ఎనిమిది ఓవర్లలో ఆట ముగించారు. ఆ రోజు మార్కో యాన్సెన్ ఒకే ఓవర్లో ముగ్గురిని అవుట్ చేశాడు.

నాలుగు రోజుల తర్వాత గుజరాత్‌తో మళ్లీ మ్యాచ్. ఉమ్రాన్ మాలిక్ 25 పరుగులిచ్చి అయిదు వికెట్లు తీశాడు. అయినా చివరి ఓవర్లో గుజరాత్ 22 పరుగులు చేయాల్సి ఉండగా, అదే యాన్సెన్ బౌలింగ్‌లో నాలుగు సిక్సర్లు వెళ్లాయి. అక్కడి నుంచి వరుసగా అయిదు ఓటములు. చివరికి ఆరు గెలుపులు, ఎనిమిది ఓటములతో జట్టు పది జట్లలో ఎనిమిదో స్థానంలో నిలిచింది.

నాణెంతో చేసి చూడండి

1. ముందు నాణెం ఎగరేయకుండా, 14 సార్లు ఎగరేసినట్టు ఊహించి బొమ్మ, బొరుసు అని రాయమనండి.
2. తర్వాత నిజంగా 14 సార్లు ఎగరేసి, పక్కన రాయించండి.
3. రెండింటిలోనూ అన్నిటికంటే పొడవైన వరుసకు గీత గీయించండి.

ఊహించి రాసినప్పుడు పిల్లలు సాధారణంగా బొమ్మ, బొరుసు మార్చి మార్చి రాస్తారు. నిజం నాణెం అలా నడవదు. వరుసగా అయిదు సార్లు ఎగరేస్తే అయిదూ బొమ్మలే పడే అవకాశం 32లో 1. కానీ 14 సార్లు ఎగరేస్తే మొత్తం 16,384 రకాల ఫలితాలు సాధ్యం. వాటిలో 2,760లో ఎక్కడో ఒకచోట కనీసం అయిదు బొమ్మలు వరుసగా వస్తాయి. అంటే దాదాపు ఆరింట ఒకటి. ఏ నైపుణ్యమూ లేని నాణేనికే ఇంత అవకాశం ఉందన్నమాట.

మరి జట్టు నాణెమా?

కాదు. ఆటలో కారణాలు ఉంటాయి. ఆ అయిదు విజయాలూ రెండోసారి బ్యాటింగ్ చేసినప్పుడే వచ్చాయి. అయితే మొదటి రెండు ఓటములూ అలా ఆడినప్పుడే వచ్చాయి కాబట్టి అదొక్కటే కారణం అనలేం. తర్వాత వాషింగ్టన్ సుందర్, నటరాజన్ గాయాలతో కొన్ని మ్యాచ్‌లకు దూరమయ్యారు. అది లెక్కలోకి తీసుకోవాల్సిన కారణమే.

ఇంకో కథ కూడా గుర్తుంచుకోవాలి. 2008లో అట్టడుగున ఉన్న డెక్కన్ ఛార్జర్స్, 2009లో మొదటి నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది. లీగ్ ముగిసేసరికి ఏడు గెలుపులు, ఏడు ఓటములు. అయినా కప్పు గెలిచింది. గెలుపుల వరుసను మాత్రమే చూసి ముందు ఏం జరుగుతుందో చెప్పలేం.

మార్కుల దగ్గరికి వస్తే

మూడు వీక్లీ టెస్టుల్లో మంచి మార్కులు రాగానే "ఇక మావాడికి తిరుగులేదు" అంటాం. మూడింటిలో తగ్గగానే ట్యూషన్ మాస్టారి కోసం వెతుకుతాం. రెండు మాటలూ పిల్లల చెవిన పడతాయి. తగ్గిన వారం వాళ్లు పేపరు దాచడం మొదలుపెడతారు. అప్పుడు అసలు కారణం మనకూ, టీచర్‌కూ తెలియకుండా పోతుంది.

బదులుగా గత పది టెస్టుల మార్కులు ఒకే కాగితం మీద రాసి, పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి:

- పది టెస్టుల సగటు ఎంత? ఈ వారం మార్కు దానికి ఎంత దూరంలో ఉంది?
- పోయిన మార్కులు ఒకే చాప్టర్లో పోయాయా, అక్కడో ఇక్కడో పోయాయా?
- చదివే పద్ధతిలో, నిద్రలో, ఆరోగ్యంలో ఏమైనా మారిందా?

ఒకే చాప్టర్లో పదేపదే పోతుంటే అది నేర్పాల్సిన విషయం. అక్కడొకటి ఇక్కడొకటి పోయి, సగటు నిలకడగా ఉంటే కంగారు పడకండి. మార్కులు పెరిగినప్పుడు కూడా ఇవే ప్రశ్నలు అడగండి. ఏ పని వల్ల పెరిగాయో పిల్లలకు తెలిస్తేనే వాళ్లు మళ్లీ ఆ పని చేయగలుగుతారు.

వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్‌కు ఆ కాగితం వెంట తెచ్చుకోండి. ఒక్క టెస్టు మార్కు గురించి కాకుండా, పది టెస్టుల గురించి క్లాస్ టీచర్‌తో మాట్లాడవచ్చు.