మామ్మగారి రూపాయి అసలుదా, నకిలీదా?



మామిడికాయ ముదిరిందో లేదో తెలుసుకోవాలంటే నీళ్ళలో వేసి చూడవచ్చు. ముదిరిన కాయ మునుగుతుంది, లేతకాయ తేలుతుంది. కాయను చీల్చకుండానే లోపలి సంగతి తెలిసిపోతుంది. మా నూజివీడు తోటల్లో పెరిగే పిల్లలకు ఇది వింతేమీ కాదు. పాత వెండి రూపాయిని కూడా గీకకుండా, కరిగించకుండా, నీళ్ళ సాయంతోనే పరీక్షించవచ్చు. ఎలాగో చూద్దాం.

1835 నాటి చట్టం ప్రకారం రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. సరిగ్గా ఒక తులం! అందులో 12 పాళ్ళకు 11 పాళ్ళు వెండి. ఆ రూపాయి చెల్లుబాటులో వున్న రోజుల్లోనే దొంగ రూపాయలూ పుట్టాయి. టంకశాలలో లోహపు బిళ్ళను రెండు ఉక్కు అచ్చుల మధ్య వుంచి బలంగా నొక్కుతారు. అందుచేత అక్షరాలు పదునుగా వస్తాయి. దొంగచాటుగా చేసేవారు అసలు రూపాయితో మూస తీసి, అందులో చౌక లోహాన్ని కరిగించి పోసేవారు. ఇలాంటి పోత నాణెం మీద సన్నని గుంటలు, మొద్దుబారిన అక్షరాలు, అంచున అతుకు గీత వంటివి భూతద్దంతో చూస్తే కనిపించవచ్చు.

ఇప్పుడు ప్రయోగం. మీ పాఠశాల త్రాసులో రూపాయిని మామూలుగా తూచండి. తరువాత దారంతో కట్టి, బీకరులోని నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీసి మళ్ళీ తూచండి. నాణెం బీకరుకు తగలకూడదు. మొదటి బరువును, నీళ్ళలో తగ్గిన బరువుతో భాగిస్తే సాంద్రత వస్తుంది. అసలు రూపాయికి సుమారు 1.13 గ్రాములు తగ్గుతుంది. 11.66ను 1.13తో భాగిస్తే దాదాపు 10.3. అదే బరువున్న ఇత్తడి నాణేనికి 1.37 గ్రాములు తగ్గుతుంది, సాంద్రత 8.5 మాత్రమే. చేతులు మారి అరిగిన రూపాయి తులం తూగదు. కాని ఎంత అరిగినా దాని సాంద్రత మారదు. అదే ఈ పరీక్షలోని గొప్ప.

అయితే తొందరపడకండి. నేను తొందరపడ్డాను.

కొన్నేళ్ళ క్రితం ఒక విద్యార్థి తన మామ్మగారి మూటలోంచి ఒక రూపాయి తెచ్చాడు. కొలిస్తే సాంద్రత 9.5 వచ్చింది. "దొంగ రూపాయిరా!" అన్నాను, తరగతి అందరి ముందూ. కుర్రవాడు తల వంచుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు మామ్మగారే బడికి వచ్చింది. "మా అత్తగారు దొంగ సొమ్ము ఇచ్చే మనిషి కాదు మేష్టారూ" అంది.

ఆ మాటతో నాణేన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఈసారి సంవత్సరం చూశాను. 1944! రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో, రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. మిగిలిన సగంలో 40 పాళ్ళు రాగి, 5 నికెల్, 5 జింకు. ఆ మిశ్రమ లోహం సాంద్రత లెక్క కడితే సరిగ్గా 9.5 దగ్గరకే వస్తుంది. పైగా దొంగ నాణేలు చేసేవారికి అంత సులువుగా లొంగకుండా అంచున ప్రత్యేకమైన గాడి కూడా పెట్టారు. అదీ స్పష్టంగా వుంది. త్రాసు అబద్ధం చెప్పలేదు. తప్పు నాది. 1944 రూపాయిని 1835 కొలతతో కొలిచాను. అదే తరగతిలో నా తప్పు ఒప్పుకున్నాను.

అయస్కాంతం విషయమూ అంతే. వెండి దానికి అంటుకోదు. కాని 1947 నాటి పులిబొమ్మ రూపాయి అంటుకుంటుంది. అది నకిలీ కాదు, నికెల్ రూపాయి!

ఇంకో చిక్కు వుంది. సీసం, తగరం తగు పాళ్ళలో కలిపితే సాంద్రత వెండి రూపాయికి దగ్గరగా వస్తుంది. నీటి పరీక్షలో అది నెగ్గవచ్చు. కాని వేలి కొన మీద నిలిపి మెల్లగా తట్టి చూడండి. వెండి ఖంగుమంటుంది. సీసం కలిసినది మందంగా, బొద్దుగా పలుకుతుంది.

కాబట్టి ముందు సంవత్సరం, తరువాత భూతద్దం, సాంద్రత, మోత. అన్నీ ఒకే మాట చెప్పినప్పుడే తీర్పు చెప్పండి. ఆమ్లం పోయడం, ఆకురాయితో రాయడం మాత్రం వద్దు. మీ ఇంట్లో పాత రూపాయి వుంటే పెద్దల అనుమతితో ఈ ప్రయోగం చేయండి. దానితోపాటు ఆ రూపాయి ఇంటికి ఎలా వచ్చిందో కూడా వారిని అడిగి రాసుకోండి. ఆ సంగతి ఏ త్రాసూ చెప్పలేదు.