నానో పేపరు పంపే ముందు: సస్కటూన్‌లోని తెలుగు పరిశోధకులకు

సస్కటూన్‌కి పీహెచ్‌డీకో పోస్ట్‌డాక్‌కో వచ్చే మన పిల్లల రెజ్యూమేలు చూస్తే ఒక సంగతి వెంటనే కనిపిస్తుంది. పేపర్లు చాలా ఉంటాయి. ఎమ్మెస్సీలో ఒకటి రెండు, ఎంటెక్‌లో ఇంకొన్ని, ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల్లో మరికొన్ని. వేపాకు రసంతోనో తులసి రసంతోనో వెండి నానోకణాలు తయారుచేసి, 420 నానోమీటర్ల దగ్గర పీక్ చూపించి, ఒక ఎక్స్‌ఆర్‌డీ, ఒక ఎస్‌ఈఎం బొమ్మ పెట్టి ముగించిన పేపర్లు వాటిలో ఎక్కువ. ఆ శ్రమను నేను తక్కువ చేయను. టీఈఎం కావాలంటే ఇంకో ఊరు వెళ్లి, నమూనాకు ఇంతని డబ్బు కట్టి, వారాల తరబడి వంతు కోసం ఎదురుచూసి చేసిన పని అది. కానీ ఇక్కడ ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఆ జాబితాను ఎలా చదువుతారో ముందే తెలుసుకోవాలి. తెలుసుకోకపోతే, బలం అనుకున్నదే ఇంటర్వ్యూలో మెడకు చుట్టుకుంటుంది.

పేపర్ల లెక్క మనకు ఎలా పట్టుకుందో చెప్పడం కష్టం కాదు. 2007లో కేంద్రం 1,000 కోట్ల రూపాయలతో నానో మిషన్ మొదలుపెట్టింది. విశ్వవిద్యాలయాల్లో నానో కోర్సులు వచ్చాయి, పేపర్లు పెరిగాయి. నానో పేపర్ల సంఖ్యలో కొన్నేళ్లుగా చైనా, అమెరికాల తర్వాత మన దేశం పేరే వినిపిస్తోంది. మరోవైపు 2016 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేలోపు కనీసం ఒక పేపరు అచ్చు కావాల్సి, రెండు సదస్సుల్లో పత్రాలు చదవాల్సి ఉండేది. అధ్యాపకుల ప్రమోషన్లకూ పేపర్లకు పాయింట్లు. అవసరం ఉన్నచోట అంగడి వెలుస్తుంది. డబ్బు కడితే చాలు, వారంలో అచ్చువేసే జర్నళ్లు కుప్పలుగా పుట్టాయి. 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను తీసేయాల్సి వచ్చింది. 2022లో పీహెచ్‌డీకి పేపరు తప్పనిసరి అన్న షరతునే ఎత్తేసింది. పాత జాబితా స్థానంలో నడిపిన కేర్ జర్నళ్ల జాబితాను కూడా 2025లో ఆపేసింది. ఏ జర్నల్ మంచిదో ఇక పరిశోధకులే, వాళ్ల సంస్థలే తేల్చుకోవాలి.

కెనడాలో ఆ జాబితాల అలవాటు లేదు. పరిశోధనకు డబ్బిచ్చే కేంద్ర సంస్థలు, ఎన్‌సెర్క్‌తో సహా, 2019 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో డిక్లరేషన్ మీద సంతకం చేశాయి. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి మనిషి పనికి విలువ కట్టకూడదన్నది దాని సారం. అందువల్ల దరఖాస్తుల్లో ‘ఎన్ని పేపర్లు’ అన్న ప్రశ్న వెనక్కి పోయి, ‘మీ పనిలో ముఖ్యమైనది ఏది, అందులో మీరు స్వయంగా చేసింది ఏమిటి’ అన్నది ముందుకొచ్చింది. ఇరవై పేపర్లున్న అభ్యర్థిని ఒక్క పేపరు తీసుకుని అడుగుతారు: ఈ కణాల పరిమాణం ఎలా కొలిచారు? ఎన్ని కణాలు లెక్కపెట్టారు? షెరర్ సమీకరణంతో వచ్చిన సంఖ్యకూ టీఈఎంలో కనిపించిన సంఖ్యకూ తేడా ఎందుకుంది? దానికి జవాబు రాకపోతే మిగతా పంతొమ్మిది పేపర్లూ ఆదుకోవు.

ఇక్కడొక చేదు విషయం చెప్పుకోవాలి, ఎందుకంటే అది మన ఊరిదే. హైదరాబాద్ నుంచి నడిచిన ఓమిక్స్ ఇంటర్నేషనల్ వందల జర్నళ్లు పెట్టింది. నానోమెడిసిన్, నానోటెక్నాలజీ పేరుతో కూడా ఒకటుంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో ఆ సంస్థ మీద కేసు పెట్టింది. పీర్ రివ్యూ చేయకుండానే చేశామని చెప్పుకోవడం, పేపరు తీసుకున్నాక గానీ ఫీజు సంగతి బయటపెట్టకపోవడం, వెనక్కి తీసుకుంటామంటే ఒప్పుకోకపోవడం, రానే రాని శాస్త్రవేత్తల పేర్లతో సదస్సులకు ప్రచారం చేయడం, ఇవీ ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పిచ్చింది. కెనడాకూ ఈ కథతో సంబంధం ఉంది. 2016లో అదే సంస్థ ఇక్కడి పల్సస్ గ్రూప్ అనే వైద్య జర్నళ్ల ప్రచురణ సంస్థను కొన్నప్పుడు పత్రికల్లో పెద్ద దుమారం రేగింది. కాబట్టి ఇక్కడి ప్రొఫెసర్లలో చాలామందికి ఆ పేరు తెలుసు. మీ రెజ్యూమేలో అది కనిపిస్తే ఏమనుకుంటారో ఊహించుకోవచ్చు. హైదరాబాద్‌లోనే ఏఆర్‌సీఐ, ఐఐసీటీ వంటి సంస్థల్లో ప్రపంచం గౌరవించే నానో పరిశోధన జరుగుతుండగా, మన నగరం పేరు ఇలాంటి కేసుతో ముడిపడడం నన్ను నిజంగా బాధిస్తుంది.

పెద్ద సంస్థ అయితే భయం లేదనీ అనుకోవద్దు. హిందావి అనే ప్రచురణ సంస్థను వైలీ 2021లో కొన్నది. ప్రత్యేక సంచికల పేరిట దొంగ రివ్యూలతో లోపలికొచ్చిన పేపర్లు బయటపడి, 2023 ఒక్క ఏడాదిలోనే 8,000కు పైగా పేపర్లను ఆ సంస్థ రద్దు చేసింది. ఆ ఏడాది ప్రపంచమంతా కలిపి రద్దైనవి 10,000 దాటాయి. అందుకే స్కోపస్‌లో ఉందా, వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఉందా అన్న తనిఖీతో ఆగకండి. ఆ జర్నల్‌లో మీ అంశం మీద ఈ మధ్య వచ్చిన రెండు పేపర్లు తెరిచి పూర్తిగా చదవండి. వాటి నుంచి మీరు కొత్తగా ఏమైనా నేర్చుకున్నారా? సంపాదకవర్గంలో ఉన్నారన్న వ్యక్తి సొంత యూనివర్సిటీ పేజీలో ఆ జర్నల్ ప్రస్తావన ఉందా? ఫీజు ఎంతో ముందే రాశారా? మూడు రోజుల్లో రివ్యూ అని మాట ఇస్తున్నారా? ‘డియర్ ఎమినెంట్ సైంటిస్ట్’ అంటూ మెయిల్ వస్తే, అది ఎంత మర్యాదగా ఉన్నా, జవాబు ఇవ్వక్కర్లేదు. అనుమానం ఉంటే సస్కచ్‌వాన్ యూనివర్సిటీ లైబ్రరీలో మీ విభాగాన్ని చూసే లైబ్రేరియన్‌ని అడగండి. లైబ్రేరియన్ అంటే పుస్తకాలిచ్చే మనిషి అనుకుని మనవాళ్లు ఆ దారికే పోరు. ఇక్కడ వాళ్లు పరిశోధకులకు సలహాదారులు.

ఇప్పటికే అలాంటి జర్నల్‌లో వేసేసినవాళ్లు ఏం చేయాలి? ఉద్యోగం కోసం ఇచ్చే చిన్న రెజ్యూమేలో దాన్ని పెట్టక్కర్లేదు. ‘అన్ని ప్రచురణలూ రాయండి’ అని ఫారంలో అడిగితే మాత్రం దాచవద్దు. ఎవరైనా అడిగితే అప్పటి పరిస్థితి రెండు వాక్యాల్లో నిజం చెప్పండి, ఎవరూ తప్పుపట్టరు. అదే డేటాను ఇంకో జర్నల్‌కు పంపడం మాత్రం చేయవద్దు, అది నిజమైన తప్పవుతుంది. ప్రయోగం విలువైనదనిపిస్తే ఇక్కడి మెరుగైన పరికరాల మీద మళ్లీ చేసి, పాత పేపరును ప్రస్తావిస్తూ కొత్తది రాయండి.

ఫీజుల గురించి ఒక్కమాట. 2020లో నేచర్ జర్నల్ తన ఓపెన్ యాక్సెస్ రుసుము 9,500 యూరోలని ప్రకటించింది. స్టైపెండ్ మీద బతికే విద్యార్థి సొంత జేబులోంచి ఏ జర్నల్‌కూ కట్టకూడదని నా గట్టి అభిప్రాయం. కెనడా లైబ్రరీలు కొన్ని ప్రచురణ సంస్థలతో చేసుకున్న ఒప్పందాల వల్ల చాలా జర్నళ్లలో ఫీజు పడదు, పంపే ముందే కనుక్కోండి. లేదంటే రివ్యూ పూర్తయిన మీ సొంత ప్రతిని యూనివర్సిటీ వారి హార్వెస్ట్ భాండాగారంలో ఉంచవచ్చు. కేంద్ర నిధులతో చేసిన పని అందరికీ ఉచితంగా అందాలన్న నియమం 2015 నుంచి ఉంది. మొదట 12 నెలల గడువు ఇచ్చారు, తర్వాత ఆ ఎడం కూడా లేకుండా చేసే దిశగా కదిలారు.

ఇక సస్కటూన్‌లో ఉన్నవాళ్లకు దక్కిన అసలు అదృష్టం గురించి. దేశం మొత్తానికి ఒకే ఒక్క సింక్రోట్రాన్, కెనడియన్ లైట్ సోర్స్, ఈ క్యాంపస్‌లోనే ఉంది. 2004 అక్టోబరులో మొదలైంది. 171 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో 2.9 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల ఎలక్ట్రాన్లు తిరుగుతూ ఎక్స్‌రే కాంతిని వెదజల్లుతాయి. ఇంత చిన్న ప్రెయిరీ నగరానికి ఇది ఎలా వచ్చిందని అడిగేవాళ్లకు చెప్పాలి: జర్మనీ వదిలి వచ్చిన గెర్హార్డ్ హెర్జ్‌బర్గ్ 1935 నుంచి పదేళ్లు ఇక్కడే పనిచేశారు, 1971లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. 1951లో క్యాన్సర్‌కు కోబాల్ట్-60 చికిత్స ఇక్కడ మొదలైంది. 1964 నుంచి ఇక్కడ ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్ ల్యాబ్ ఉంది.

నానో పని చేసేవాళ్లకు ఈ కాంతి ఏమిస్తుంది? మామూలు ఎక్స్‌ఆర్‌డీ స్ఫటిక నిర్మాణం చెబుతుంది. కొన్ని నానోమీటర్ల ఉత్ప్రేరక కణంలో లోహం ఏ ఆక్సీకరణ స్థితిలో ఉంది, పక్కన ఎన్ని ఆక్సిజన్ పరమాణువులున్నాయి, చర్య జరుగుతున్నప్పుడు ఏం మారుతోంది అన్నది ఎక్స్‌రే అబ్సార్ప్షన్ చెబుతుంది. స్పెక్ట్రోమైక్రోస్కోపీ బీమ్‌లైన్ మీద దాదాపు 30 నానోమీటర్ల స్థాయిలో ఏ రసాయనం ఎక్కడుందో పటంలా గీయవచ్చు. ఫలితాలు ప్రచురించే విద్యా పరిశోధనకు, ప్రతిపాదన రివ్యూలో నెగ్గితే, బీమ్ టైమ్‌కు డబ్బు తీసుకోరు. ఫలితాలు దాచుకోవాలనుకునే కంపెనీలు కట్టాలి. ఏడాదికి రెండుసార్లు ప్రతిపాదనలు పిలుస్తారు. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో కూడా దరఖాస్తు చేయవచ్చు. మన దేశంలోని పాత సహచరులతో కలిసి రాయడానికి ఇంతకన్నా మంచి సందర్భం లేదు.

ప్రతిపాదనలో మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు, పదార్థం గొప్పతనం గురించి రెండు పేజీలు రాసి, సింక్రోట్రాన్ ఎందుకు అవసరమో ఒక వాక్యంలో ముగించడం. తిరగేసి రాయండి. ల్యాబ్ పరికరాలతో ఎంతదాకా వెళ్లారో, ఎక్కడ ఆగిపోయారో, ఏ అబ్సార్ప్షన్ ఎడ్జ్ మీద ఏం కొలిస్తే ఆ చిక్కు విడుతుందో చెప్పండి. ముందస్తు కొలతలు క్యాంపస్‌లోని సస్కచ్‌వాన్ స్ట్రక్చరల్ సైన్సెస్ సెంటర్‌లో చేసుకోవచ్చు. 8 గంటల షిఫ్టులు ఎన్ని కావాలో నమూనాల సంఖ్యతో లెక్కకట్టి చూపండి. బీమ్‌లైన్ శాస్త్రవేత్తకు ముందే మెయిల్ రాయండి. ‘డిస్టర్బ్ చేస్తామేమో’ అని మొహమాటపడతారు మనవాళ్లు. కానీ సందేహాలు తీర్చడం ఆ శాస్త్రవేత్తల ఉద్యోగంలో భాగం.

బీమ్ దొరికాక రాత్రి షిఫ్టులో నిద్రమత్తులో మరిచిపోయేవి రెండున్నాయి. ఒకటి, రిఫరెన్స్ లోహపు రేకును నమూనాతో పాటే కొలవడం. అది లేకపోతే ఎనర్జీ జరిగిందా, నమూనా మారిందా తేలదు. రెండు, ఒకే చోట వరసగా స్కాన్లు తీసి మొదటిదీ చివరిదీ పోల్చడం. బలమైన కిరణం కొన్ని లోహాలను క్షయకరణం చేసేస్తుంది. అప్పుడు మీరు కొలిచింది మీ పదార్థాన్ని కాదు, బీమ్ పాడుచేసిన పదార్థాన్ని. రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్న అదే. ఏడాదిలో మెయింటెనెన్స్ కోసం యంత్రాన్ని ఆపే కాలాలుంటాయి కాబట్టి, థీసిస్‌లో ఒక అధ్యాయం బీమ్ టైమ్ మీదే ఆధారపడేలా చివరి ఏడాదికి నెట్టుకోవద్దు.

పేపరులో ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అన్నది ప్రయోగం మొదలయ్యే ముందే మాట్లాడుకోవాలి. గైడ్ సార్‌ని ఇలాంటివి అడగడం మనకు అలవాటు లేదు. ఇక్కడ సూపర్‌వైజర్‌ని పేరుపెట్టి పిలిచే పిల్లలు కూడా ఈ విషయం దగ్గర నోరు మెదపరు. చిన్న మెయిల్ చాలు: ‘ఈ పనికి రచయితలు ఎవరెవరు, ఏ వరసలో అనుకుంటున్నారు?’ బీమ్‌లైన్ శాస్త్రవేత్త డేటా విశ్లేషణలో ఆలోచన పంచుకుంటే సహరచయిత, యంత్రం సిద్ధం చేసి ఇచ్చి ఊరుకుంటే కృతజ్ఞతల్లో పేరు. లైట్ సోర్స్ వారు ఇచ్చిన కృతజ్ఞతా వాక్యాన్ని ఉన్నదున్నట్టు పెట్టి, పేపరు వచ్చాక వాళ్లకు తెలియజేయండి. ఊరి నుంచి పాత కాలేజీ సహోద్యోగి ‘నా పేరు కూడా కలుపు తమ్ముడూ’ అంటే, ప్రేమగానే కాదనండి. పేరు కలిపితే రేపు ఆ పేపరుకు ఏమొచ్చినా అన్నయ్య కూడా జవాబు చెప్పాల్సి వస్తుందని వివరించండి.

పేటెంటు సంగతి దాదాపు అందరూ ఆలస్యంగా తలుచుకుంటారు. కెనడా, అమెరికాల్లో మీరే బయటపెట్టిన ఆవిష్కరణకు 12 నెలల వెసులుబాటు ఉంది. యూరప్‌లో లేదు, మన దేశంలో చాలా పరిమితం. పేపరే కాదు, సదస్సులో పోస్టరు పెట్టినా, థీసిస్ హార్వెస్ట్‌లో కనిపించినా బయటపెట్టినట్టే. అమ్ముడుపోయే సత్తా ఉన్న ఉత్ప్రేరకమో సెన్సరో చేతికొస్తే, పోస్టరుకు ముందే సూపర్‌వైజర్‌తో కలిసి యూనివర్సిటీలో పేటెంట్లు చూసే ఆఫీసుకు వెళ్లండి. థీసిస్‌ను కొంతకాలం బయటకు రాకుండా ఆపమని కోరవచ్చు.

అందరికీ ప్రొఫెసర్ ఉద్యోగం రాదు, రావాల్సిన అవసరమూ లేదు. న్యూట్రియన్, కమెకో ప్రధాన కార్యాలయాలు ఈ నగరంలోనే ఉన్నాయి. సస్కచ్‌వాన్ రీసెర్చ్ కౌన్సిల్ అరుదైన మృత్తికా లోహాల శుద్ధి కేంద్రం నడుపుతోంది. వాళ్లకు పేపర్ల జాబితా పంపితే చదవరు. ఒక్కో పేపరును ఒక వాక్యం చేయండి: ఏ సమస్య, ఏ పరికరం మీరు స్వయంగా నడిపారు, ఏం తేలింది. ఐసీపీ-ఎంఎస్ నడపడం, కొలతలో అనిశ్చితి లెక్కకట్టడం, భద్రతా శిక్షణ, ఇవి అక్కడ బరువుగా తూగుతాయి.

మన పేర్ల చిక్కు ఇంకొకటుంది. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, పాస్‌పోర్టులో తారుమారు, ఒక పేపరులో కె. శ్రీనివాస్, ఇంకోదానిలో శ్రీనివాసరావు, మూడోదానిలో పొడి అక్షరాలు లేవు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అమ్మాయిల రికార్డు రెండు ముక్కలవుతుంది. ఒకే పేరున్న పదిమంది తెలుగువాళ్ల పేపర్లు కలిసిపోతాయి. 2012 నుంచి ఉన్న ఆర్కిడ్ నంబరు ఉచితంగా తీసుకుని పాత పేపర్లన్నీ వాటి డీఓఐలతో అందులో కలపండి. పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే ఇకమీదట ప్రతి పేపరులో పేరు రాయండి. ఆ ఖాతాకు సొంత మెయిల్ కూడా జతచేయండి, ఎందుకంటే చదువు అయిపోయాక యూనివర్సిటీ మెయిల్ మీ చేతిలో ఉండకపోవచ్చు.