లొంగని కణాలే మిగిలితే...

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 58 ఏళ్లు. పొగాకు ముట్టదు. అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. ఈజీఎఫ్‌ఆర్ పరీక్ష పాజిటివ్ అని రోజూ జెఫిటినిబ్ మాత్ర రాశారు. ఏడాదిపాటు బాగుంది, పత్తి ఏరడానికి కూడా వెళ్లింది. ఈ నెల స్కాన్‌లో గడ్డ మళ్లీ పెరిగిందన్నారు. మధ్యలో రెండు రోజులు మాత్ర మరిచిపోయింది. అందుకేనా? ఒళ్లు మందుకు అలవాటు పడిందా?
– ఒక పాఠకుడు, వరంగల్ జిల్లా

జవాబు: ఆ రెండు రోజుల మాట ముందు మనసులోంచి తీసేయండి. అమ్మకూ చెప్పండి, తప్పు ఆమెది కాదు.

మారింది ఒళ్లు కాదు, కణితి. సెంటీమీటరు గడ్డలో దాదాపు 100 కోట్ల కణాలుంటాయి. అవన్నీ ఒక్క తీరుగా ఉండవు. కణం రెండుగా చీలేటప్పుడు డీఎన్‌ఏ నకలులో తప్పులు దొర్లుతుంటాయి. అలా మాత్రకు లొంగని కణాలు కొన్ని ముందే ఉండొచ్చు, కొన్ని మందు వాడుతుండగా పుట్టొచ్చు. పత్తి చేలో మీరు చూసే ఉంటారు. ఏటా ఒకే మందు కొడితే చావని పురుగే మిగులుతుంది, దాని సంతతే చేనంతా నిండుతుంది. కణితిలోనూ ఇలాంటి ఎంపికే జరుగుతుందని అమెరికా శాస్త్రవేత్త పీటర్ నోవెల్ 1976లోనే రాశారు.

జెఫిటినిబ్ ఈజీఎఫ్‌ఆర్ ప్రోటీన్‌లోని ఒక గూటిలో కూర్చుని, కణాన్ని పెరగమనే సంకేతాన్ని ఆపుతుంది. ఈ మాత్ర పనిచేయడం మానేసినవారిలో సుమారు సగం మందికి ఆ గూటి దగ్గరే టీ790ఎం అనే మార్పు కనిపిస్తుంది. ఇక మాత్రకు అక్కడ పట్టు దొరకదు. ఆ మార్పు ఉన్నా పనిచేసే మాత్ర ఒసిమెర్టినిబ్. అమెరికాలో దానికి 2015లో అనుమతి వచ్చింది. దానికీ లొంగని కణాలు కొన్నాళ్లకు పుట్టొచ్చు, ఈ మాట మీకు దాచను. అయినా ఆ మాత్రతో చాలామందికి మళ్లీ మంచి రోజులు వచ్చాయి.

అందుకే మందు మార్చేముందు పరీక్ష తప్పదు. కణితి రక్తంలోకి వదిలే డీఎన్‌ఏ ముక్కల్లో ఈ మార్పును వెతకొచ్చు. రక్తంలో కనిపించలేదంటే లేదని కాదు, అప్పుడు గడ్డ నుంచి ముక్క తీయాలి. కొద్దిమందిలో కణితి చిన్న కణాల క్యాన్సర్‌గా రూపమే మార్చుకుంటుంది, దానికి కీమో అవసరం. అది ముక్క పరీక్షలోనే తేలుతుంది. మళ్లీ సూదా అని అమ్మ భయపడితే, ఎందుకో పక్కన కూర్చుని చెప్పండి.

ఈలోగా మాత్రను మీ అంతట మీరు ఆపకండి. ఒక్కసారిగా ఆపితే కొందరిలో గడ్డ వేగంగా పెరుగుతుంది.